పెద్దమాను మొక్కలకు నేను రాసిన సంజాయిషీ

రిటైరవడానికి పదేళ్ల ముందు నన్ను బత్తలపల్లె వైపు అటవీ రేంజ్ ఆఫీసరుగా వేశారు. అక్కడి నర్సరీలో ఆ ఏడు పెద్దమాను మొక్కలు పెంచమన్నారు. ఆకు మేకలకు, కొయ్య అగ్గిపుల్లలకు. ఈ జాతిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. పూత పట్టేదాకా ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

విత్తనాలు దూరదూరంగా ఉన్న చాలా చెట్ల కింద ఏరాలని నిబంధన. మావాళ్లు ఎండకు జడిసి నర్సరీ ప్రహరీ పక్కనున్న పెద్దమాను చెట్ల వరుసలోనే ఏరి, రిజిస్టరులో మాత్రం ఇరవై ఊళ్ల పేర్లు రాశారు. నేను చదవకుండా సంతకం పెట్టాను. నిజంగా గుత్తి దారిలో ఏరిన గింజలు ఒక్క మడికి సరిపోయాయి.

ఆర్నెల్లయినా చాలా మడుల్లో మొక్కలు జానెడు దాటలేదు. తనిఖీకి వచ్చిన డివిజన్ అధికారి, అంటే నా పైవారు, నీళ్ల లోపమని తేల్చి, నీళ్లు పోసే ఓబుళమ్మ పేరు హాజరు పట్టీలోంచి కొట్టేయించారు. ఇంట్లో సంపాదన ఆమె కూలి ఒక్కటే.

మరునాడు ఆమె నన్ను మడుల దగ్గరికి పిలుచుకుపోయింది.

"గుత్తి గింజల మడికీ నేనే కద సార్ నీళ్లు పోసింది. అవి నడుమెత్తు ఉండాయి. ఈ ప్రహరీ వరుసంతా మా నాయన ఒకే చెట్టు కాయలు తెచ్చి నాటినాడు. అన్నాచెల్లెళ్లకు పుట్టినవి యాడ ఎదుగుతాయి?"

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు చంపుకుని ఉన్నదున్నట్టు సంజాయిషీ రాసి పంపాను. అధికారి పిలిపించారు.

"ఏమప్పా, నేను మా అక్క కూతుర్నే చేసుకుంటి. నా కొడుకు ఆరడుగులుండాడు. చెట్లకు వావివరసలేంది?" అన్నారు.

నేనూ మేనమామ కూతుర్ని చేసుకున్నవాణ్నే. నా కాగితం వెనక్కి తీసుకుని వచ్చేశాను.

రెండో సంజాయిషీలో పొట్టివన్నీ ఆడమొక్కలనీ, ఆడవి నిదానంగా పెరుగుతాయనీ, ముందుముందు విత్తనాలకు అవే దిక్కనీ రాశాను. ఒక్క ముక్కకూ ఆధారం లేదు. వారం తిరక్కముందే ఆమోదం వచ్చింది. నీళ్ల లోపం లేదని తేలింది గనుక ఓబుళమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్నాం.

"ఆడవని యాడ చూసి కనుక్కుంటిరి సార్?" అని ఆమె అడిగితే, పని చూసుకోమన్నాను.

ఆ మొక్కల్ని ఒకచోట నాటి, విత్తనాల తోట అని బోర్డు కట్టారు. నేను రిటైరయ్యే ఏడు పూత వచ్చింది. సగానికి పైగా మగవి. ఎవరూ ఏమీ అడగలేదు.

గింజ ఎక్కడిదో చూడకుండా సంతకం పెట్టకూడదని నేర్చుకున్నాను. పెట్టాక దాన్ని దిద్దుకోవడానికి నిజం అక్కరకు రాకపోవచ్చని కూడా తెలిసింది. ఓబుళమ్మకు పని తిరిగి వచ్చింది నా అబద్ధంతో. నిజం చెప్పినందుకు ఆమెకు దక్కింది ఏమీ లేదు.