మెంబరు గారి చిన్నబిడ్డ

మా బాపు గురించి మాట్లాడేవాళ్లందరూ ఆయన గెలిచిన ఎన్నికల దగ్గర మొదలుపెడతారు. నేను ఆయన ఓడిపోయిన ఎన్నిక దగ్గర మొదలుపెడతాను. గెలిచినప్పుడు అందరూ మంచివాళ్లే. ఓడినప్పుడు ఆయన ఎవరి మీద కక్ష తీర్చుకున్నాడో చూసినదాన్ని నేను.

నిజాం కాలంలో హైదరాబాదులో చట్టాలు చేసే సభ ఒకటి ఉండేది. అందులో చాలామంది పైవాళ్లు నియమించినవాళ్లే. వకీళ్ల తరఫు మెంబరును మాత్రం వకీళ్లే ఓట్లు వేసి పంపేవాళ్లు. రైతుకు గానీ, కూలివాడికి గానీ, ఆడదానికి గానీ ఓటు అనే మాట కూడా తెలియదు. మా బాపు కామారెడ్డిలో పేరుమోసిన వకీలు. భూములున్నాయి, ఉర్దూ అనర్గళంగా మాట్లాడతాడు, కోర్టులో లేచి నిలబడితే మున్సిఫు కూడా కలం కింద పెట్టి వినేవాడట. ఇన్ని ఉన్నా మెంబరు అనిపించుకోవాలన్న దురద ఒకటి ఆయనను పట్టుకుంది.

మా మేనమామ, అంటే మమ్మల్ని కన్న అవ్వకు తమ్ముడు, ఎల్లారెడ్డిలో వకీలు. ఎల్లారెడ్డి వకీళ్లూ బాన్సువాడ వకీళ్లూ ఆయన మాట దాటేవాళ్లు కాదు. వాళ్లందరినీ ఆయన ముందు కామారెడ్డిలో మా ఇంటికి దావతుకు తీసుకురావాలి, అక్కడి నుంచి జిల్లా కోర్టుకు వెంటబెట్టుకుపోయి బాపుకు ఓట్లు వేయించాలి. ఇదీ బావాబామ్మర్దుల ఒప్పందం. ఆ ఓట్లు పడితే బాపు గెలిచినట్టే.

దావతు దగ్గర పడ్డాక మా చెల్లెకు అమ్మవారు పోసింది. మశూచికి మా దగ్గర అదే పేరు. చెల్లెకు అప్పటికి పలక పట్టే ఈడు కూడా రాలేదు. ఇంట్లో ఆయన ఎత్తుకుని ముద్దు చేసింది దాన్నొక్కదాన్నే. ఆయన దగ్గితే చాలు, అది ఏ మూలన ఉన్నా లేచి పరుగెత్తేది. నాకది చూస్తే కడుపు మండేది కూడా.

మా బాపమ్మ, బాపు తల్లి, వెంటనే గుమ్మానికి వేపమండలు కట్టింది. వేపమండ కట్టిన ఇంటికి బయటివాళ్లు రారు, ఇంట్లోవాళ్లు బయటికి పోరు. పోపు వాసన రాకూడదు, మాంసం ఊసే ఎత్తకూడదు. పొక్కులు మాడి, బిడ్డకు తలకు నీళ్లు పోసేదాకా ఆ ఇల్లు అమ్మవారిది. ఇది బాపుకు తెలియక కాదు. పెరట్లో కట్టేసిన మేకలు, చెప్పి ఉంచిన వంటవాళ్లు, రాబోయే పెద్దమనుషులు ఆయన కళ్ల ముందు తిరుగుతున్నారు. ఆయన స్టూలు వేసుకుని తన చేతులతోనే ఆ మండలు తెంపేశాడు.

"వేపమండ జూస్తే ఓటేసేటోడు గడప తొక్కుతడా?" అన్నాడు బాపమ్మతో.

దావతు ఇంకో ఇంట్లో పెట్టుకోమని బాపమ్మ బతిమాలింది. ఎందుకు మార్చారని అడుగుతారు, అడిగితే సంగతి బయటపడుతుంది అన్నాడు. బిడ్డను మా అవ్వ పుట్టింటికి ఎల్లారెడ్డికి పంపేస్తే సరిపోతుందని తేల్చేశాడు. అవతలి వకీలు నోరు తెరవకముందే వాడేమంటాడో చెప్పగల మనిషికి ఈ చిన్న సంగతి తట్టలేదు. తన ఓట్లన్నీ ఏ ఇంట్లో ఉన్నాయో ఆ ఇంటికే అమ్మవారిని పంపుతున్నాడు. ఆశ మనిషిని ఎంత మొద్దును చేస్తుందో చెప్పమంటే నేను మా బాపునే చూపిస్తాను.

నాకు అంతకుముందే అమ్మవారు పోసి పోయింది కాబట్టి అవ్వకు తోడుగా నన్ను పంపారు. పాలు మరవని తమ్ముడు ఆవుపాల మీద బాపమ్మ దగ్గర ఉండిపోయాడు. వీధిలో మనిషి తిరగని మిట్టమధ్యాహ్నం చూసి, తెరలు దించిన కచ్చడం బండిలో మమ్మల్ని ఎక్కించారు. ఎవరైనా అడిగితే అమ్మగారు పుట్టింటికి పోతున్నదని చెప్పాలని బండివాడికి ఆజ్ఞ. తెరలు ఎత్తకూడదు. లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. చెల్లె ఒళ్లంతా పొక్కులు, కళ్లు వాచి మూసుకుపోయాయి. బండి గుంటలో పడ్డప్పుడల్లా అది మూలిగేది. నీళ్ల కోసం ఎక్కడా ఆపలేదు. "బాపు ముంగట కూసున్నడా?" అని అది అడిగింది. కూర్చున్నాడని అవ్వ చెప్పింది.

ఎల్లారెడ్డిలో మామ తలుపు తీసి, చెల్లెను చూసి, అవ్వ చేతుల్లోంచి తీసుకున్నాడు. అత్తకు తన పిల్లల భయం. ఏడ్చింది, గొణిగింది, అయినా చాప పరిచింది. మామ మనిషిని పంపి వేపమండలు తెప్పించి గుమ్మానికి కట్టించాడు. అమ్మవారు ఉన్నంతవరకు తాను గడప దాటనని, కామారెడ్డికి రానని తోటి వకీళ్లకు కబురు చేశాడు. ఆయన కదలకపోతే వాళ్లూ కదలలేదు. కామారెడ్డిలో మేకలు తెగాయి, విస్తళ్లు పరిచారు, ఎల్లారెడ్డి పంక్తి, బాన్సువాడ పంక్తి ఖాళీగా ఉండిపోయాయని తర్వాత బాపమ్మ చెప్పింది. బాపు ఓడిపోయాడు.

చెల్లె బతికింది. రెండు కళ్లూ పోయాయి. తలకు నీళ్లు పోసి మండలు విప్పిన తర్వాత బాపు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. బిడ్డ ఎట్లా ఉందని అడుగుతాడని మేమంతా ఎదురుచూస్తున్నాం.

"నన్నెందుకు ముంచినవ్ బామ్మర్దీ?" అన్నాడు.

"అమ్మవారున్న ఇల్లు ఇడిచిపెట్టి ఎట్ల రావాలె బావా? నువ్వు పంపిన బిడ్డేనాయె" అన్నాడు మామ.

  అవ్వ చెల్లెను చంకనెత్తుకుని గడపలోకి వచ్చింది. చెల్లె బాపు గొంతు గుర్తుపట్టి చేతులు చాపింది. ఆయన దాని ముఖం వంక కాసేపు చూసి, నన్నూ అవ్వనూ బండెక్కమన్నాడు. మరి చిన్నదో అని అవ్వ అడిగింది.

"దాన్ని ఈడనే ఉండనియ్యి. దాని మొఖం చూసినప్పుడల్ల నాకు ఓడింది యాదికొస్తది."

ఈ మాట నేను చెవులారా విన్నాను. ఇంటి దగ్గర పసితమ్ముడు ఉన్నాడు కాబట్టి అవ్వ బండెక్కింది. లేకపోతే ఎక్కేది కాదని నమ్ముతాను, నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు. బాపు పనిలో ఉన్నాడని, పని తీరగానే వచ్చి తీసుకుపోతాడని చెల్లెకు చెప్పి వచ్చాం.

పిల్ల జబ్బు సంగతి కామారెడ్డిలో దాగలేదు. జబ్బు తెలిసింది, పిల్ల తిరిగిరాలేదు, అందుకని అందరూ పోయిందనుకున్నారు. ఒక ముసలి వకీలు పరామర్శకు వచ్చి బాపు చేతులు పట్టుకున్నాడు. బాపు తల దించుకున్నాడు. ఆ రోజు అబద్ధమేమీ ఆడలేదు, ఊరుకున్నాడంతే. తన మీద ఏనాడూ మంచి మాట అనని ఆ ముసలాయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లడం ఆయన చూశాడు. ఇంకో ఎన్నిక వచ్చేసరికి ఊరుకోవడం మానేసి తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఓటున్న ప్రతి ఇంటికీ పోయి, బిడ్డను మశూచికి అప్పజెప్పిన తండ్రినని, ఇంకే తండ్రికీ ఈ గతి పట్టకుండా సభలో అడుగుతానని చెప్పాడు. బ్రహ్మాండంగా గెలిచాడు.

సభలో నిజంగానే అడిగాడు. పల్లెపల్లెకు టీకాలు వేసేవాళ్లను పంపాలని ఉర్దూలో ఆయన మాట్లాడుతుంటే సభ సభంతా కంటతడి పెట్టిందట. తర్వాత దోమకొండకు, పిట్లానికి, అంత దూరాన ఉన్న జుక్కల్‌కు కూడా టీకాలవాళ్లు వచ్చారు. ఎందరో పిల్లలు బతికారు. ఆ మేలును నేను కాదనను. అది ఎవరి నెత్తి మీద కాలు పెట్టి చేసిన మేలో తెలుసు కాబట్టి, ఆ తల్లులు వచ్చి ఆయన కాళ్లకు మొక్కుతుంటే మాత్రం ఒళ్లు మండేది.

ఎల్లారెడ్డి వకీళ్లకు పిల్ల బతికే ఉందని తెలుసు. తెలిసి తెలియనట్టున్నారు. ఆయన ఇప్పుడు మెంబరు, వాళ్లకు ఆయనతో పనులున్నాయి. మామ అక్క కాపురం చూసి నోరు కుట్టుకున్నాడు. ఎండాకాలంలో అవ్వా నేనూ వెళ్లేవాళ్లం. చెల్లె మా బండి చప్పుడు పసిగట్టి వాకిట్లోకి వచ్చేది. మా వెనుక ఇంకొకరు దిగుతారేమోనని చెవి ఒగ్గి నిలబడేది. "బాపు నన్ను ఎప్పుడు తీస్కపోతడు?" ఇదొక్కటే దాని ప్రశ్న. తండ్రి మెంబరని దానికెంత గొప్పో. వచ్చినవాళ్లకు చెప్పబోతే అత్త ఏదో పని పురమాయించి లోపలికి పంపేది.

నాకు పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిని మేనమామే గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకురావాలి. అందుకని మామను పిలవక తప్పలేదు. పిలుస్తూనే బాపు షరతు పెట్టాడు, ఆయన రావచ్చు, పిల్ల రాకూడదు. మళ్లీ ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి, పెళ్లికి పెద్ద పెద్ద అధికారులు వస్తున్నారు. నేను మామకు చాటుగా కబురు పంపాను. చెల్లె రాకపోతే గంపలో కాలు పెట్టనని. అది రావాలి, ఒక్క పూటైనా తన ఇంట్లో తను తిరగాలి, ఇదే నా పంతం. అందరి ముందు చూశాక బాపు కాదనలేడని కూడా అనుకున్నాను.

మామ తీసుకొచ్చాడు. కొత్త పరికిణీ కట్టుకుని, మామ కండువా కొస పట్టుకుని పందిట్లోకి వచ్చింది. నేను గదిలో కిటికీ దగ్గర ఉన్నాను. బాపు పందిరి మధ్యలో అధికారులతో మాట్లాడుతున్నాడు. ఆ గొంతు వినగానే చెల్లె కండువా వదిలేసింది. మామ పట్టుకునేలోపే మనుషులను తడుముకుంటూ పోయి ఆయన షేర్వానీ అంచు అందుకుంది.

"బాపూ, నేను వచ్చిన" అంది.

అధికారులంతా దాని వైపు తిరిగారు. బాపు దాని వేళ్లను మెల్లగా విడదీశాడు. విసురుగా నెట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"పాపం, ఏ ఊరి పిల్లనో" అన్నాడు అందరికీ వినబడేట్టు. "నా బిడ్డ పోయినకాడికెల్లి గిసొంటి పిల్లల్ని జూస్తే నా పానం ఆగది. కడుపునిండ అన్నం బెట్టి పంపుండ్రి."

ఒక అధికారి జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. మా అవ్వ హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.  చెల్లె రెండు చేతులూ జోడించింది.

"తప్పయింది దొరా" అంది. "మా బాపు గొంతు లెక్కనే వినబడ్డది."

ఎవరో దాన్ని చెయ్యి పట్టుకుని పంక్తి చివర కూర్చోబెట్టి విస్తరి వేశారు. అది తల వంచుకుని అన్నం తింది. ముహూర్తం దాటిపోతుందని పెళ్లి చేయించే అయ్యగారు కేక వేస్తే మామ వచ్చి నన్ను గంపలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాడు. బాపు అక్షింతలు వేశాడు. ఆ ఎన్నికలో ఆయన మీద ఎవరూ నిలబడలేదు.