ఆవిరి మీద ఆంటీ అరచెయ్యి

ఈ రోజు మధ్యాహ్నం సింగపూర్‌లో, మా జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో మూడోసారి బీరు కాచాను. డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో చేసేదే. కానీ రంగూ రుచీ రావాలంటే ముందు వేయించిన బార్లీని మూటకట్టి వేడినీళ్లలో నానబెట్టాలి. గత రెండుసార్లూ నోట్లో పెట్టుకోలేనంత వగరొచ్చింది.

వాసనకి పక్క ఫ్లాట్ సత్యవతి ఆంటీ తలుపు తట్టారు. రాజమండ్రి ఆవిడ, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. సిగ్గుపడుతూనే బీరని చెప్పాను. ఆవిడ గిన్నెలోకి చూసి టక్కున స్టవ్ కట్టేశారు.

"పొట్టుతో మరిగిస్తే వగరు దిగదూ? మూట తియ్యి ముందు!"

కాసిని చన్నీళ్లు పోసి, ఆవిరి మీద అరచెయ్యి పట్టి, "ఇప్పుడు వెయ్యి, అరగంట కదపకు" అన్నారు. నమ్మలేక థర్మామీటరు పెట్టాను. అరవై ఎనిమిది డిగ్రీలు! వీడియోల్లో చెప్పే అంకె కూడా అదే, నేనే పట్టించుకోలేదు.

అరగంటకి రుచి చూస్తే వగరు జాడే లేదు, కాఫీలా కమ్మగా ఉంది. నేను పంచదార పొట్లం విప్పబోతే, ఆవిడ ఇంటికెళ్లి తాటిబెల్లం తెచ్చారు.

"తీపి ఎలాగూ పులిసి పోతుంది. వాసనైనా మిగలాలి కదయ్యా."

"ఆంటీ, మీరెప్పుడైనా బీరు తాగారా?"

"ఛీ ఛీ! పిల్లలకి రాగి మాల్ట్ కాచేదాన్ని. నువ్వు చేసేది బీరో జావో, గింజకేం తెలుసు?"

నాలుగు నెలలుగా వీడియోలు చూస్తున్నాను, ఆవిడ గోడకి అవతలే ఉన్నారు. మీ గోడకి అవతల ఎవరున్నారో ఎప్పుడైనా అడిగారా?