పరుపులాయన పేరుతో

జీతాల రోజున తప్ప అతని అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ అతను ‘పేరా’. ఏం రాయమన్నా ఒక్క వాక్యంతో సరిపెట్టుకోలేక పేరాగ్రాఫంత రాసేవాడు గనుక ఆ పేరు పడింది. తాళాల షాపు వెబ్‌సైట్‌లో ‘ఆదివారం సెలవు’ అని పెట్టమంటే, ఆదివారం ఎందుకు సెలవో, సోమవారం షాపు ఎప్పుడు తీస్తారో, ఇంటి బయట ఇరుక్కుపోయినవాళ్లు ఈలోగా కంగారు పడకుండా ఏం చేయాలో కూడా రాసిపెట్టాడు. తాళాలాయన విసుక్కున్నాడు గానీ తీయించలేదు.

ఆఫీసంటే పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. కింద డ్రిల్లు తిరిగినప్పుడల్లా పైన బల్లల మీద గ్లాసులు సన్నగా వణికేవి. ఊళ్లో వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేయడం, వాటిలో రాతలూ ఫొటోలూ ఎప్పటికప్పుడు మార్చడం, ఫోన్లో ఏదో వెతుక్కునేవాళ్లు ఈ షాపు వైపు మళ్లేలా చూడటం వాళ్ల పని. నడిపేది ఒక మేడమ్. ఆవిడ కూర్చోగా ఎవరూ చూసి ఎరగరు. ఫోను చెవికి ఆనించుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేది.

ఒకసారి పరుపుల షాపు వాళ్లు వచ్చారు. వాళ్ల వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయి. కొలతలు, రంగులు, ఎన్నేళ్లు గట్టిగా ఉంటాయన్న హామీలు. జనం వస్తారు, చూస్తారు, పోతారు.

“పరుపును చూసి ఎవరు కొంటారు? మనిషిని చూసి కొంటారు,” అంది మేడమ్. “‘ఓనర్ మాట’ అని వారం వారం ఒకటి పెట్టు. రాసేది నువ్వు, పేరు ఆయనది. ఈ సంగతి గడప దాటకూడదు. ఇంట్లో కూడా చెప్పకు.”

పేరా షాపుకు వెళ్లాడు. పరుపులాయన భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్న పరుపును అరచేత్తో నొక్కుతూనే ఉన్నాడు.

“నిద్ర గురించి మీకు తోచింది నాలుగు మాటలు చెప్పండి.”

“ఏముంటుందండీ? పడుకుంటాం, లేస్తాం.”

“పోనీ, మీ ఇంట్లో సంగతులు ఏవైనా?”

“మా ఇంట్లోనూ అంతేనండీ. పడుకుంటాం, లేస్తాం.”

ఇక చేసేదేముంది, పేరా తన ఇంటి సంగతే రాశాడు. అతని భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. పరగడుపున వచ్చేవాళ్ల కోసం తెల్లారేసరికి అక్కడ ఉండాలి, అందుకని పెందలాడే పడుకునేది. నిద్రలో ఆమెకో అలవాటు ఉంది. కాసేపటికోసారి దిండు తిరగేసి, చల్లగా ఉన్న వైపు చెంప ఆనించి, హమ్మయ్య అన్నట్టు ఓ నిట్టూర్పు విడిచేది. పొద్దున లేచాక ఆమెకు ఇదేమీ తెలియదు. పేరా దాన్ని పరుపులాయన ఇంటికి తీసుకెళ్లి పెట్టాడు. ‘మా ఆవిడ దిండు తిప్పుతుంది. ఆ నిట్టూర్పు వినపడితే గానీ నాకు నిద్ర పట్టదు’ అని రాశాడు.

దాన్ని ఒకరు ఇంకొకరికి పంపారు, వాళ్లు మరో పదిమందికి. ఆ వారం షాపులో పరుపుల కంటే దిండ్లు ఎక్కువ అమ్ముడయ్యాయి.

రెండురోజుల తర్వాత భోజనాల దగ్గర భార్య ఫోను ముందుకు జరిపింది.

“ఇది చదివారా? ఎవరో పరుపులాయనట. భార్య గురించి ఎంత బాగా రాశాడో!”

ఆమె గడగడా చదువుకుపోయింది. నిట్టూర్పు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మెత్తబడింది.

“పెట్టి పుట్టిందండీ ఆవిడ. పక్కన పడుకున్న మనిషిని ఇంతలా చూసే మగాడు ఉంటాడా?”

“ఉంటాడేమో,” అన్నాడు పేరా.

“ఎక్కడ?” అంది నవ్వుతూ.

చెప్పేద్దామనుకున్నాడు. మేడమ్ మాట గుర్తొచ్చింది. అదొక్కటే కాదు, చెప్పకుండా పొగడ్త వినడంలో మజా తెలిసింది. ఇంకో రెండు వారాలు విని చెబుదాంలే అనుకున్నాడు. ఆ రెండు వారాల్లో ఆమె పొగిడిన ప్రతిసారీ ‘పరుపులాయన’ అనే అంది. ‘పరుపులాయన మనసు వెన్న.’ ‘పరుపులాయనకు ఉన్నంత ఓపిక మీకెక్కడిది?’ మజా కాస్తా చేదెక్కింది. మాట దాచినవాడు తానే కాబట్టి పైకి అనడానికీ లేదు, లోపల ఊరుకోవడానికీ లేదు. తన కూడు తింటూ పక్కింటివాడికి దండం పెడుతున్న మనిషిని చూసినట్టు భార్యను చూడసాగాడు.

ఓ ఆదివారం ఆమె కొత్త పరుపు కొందామని పట్టుబట్టింది. ఆ షాపులోనే కొనాలట. పేరా కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

షాపు కిటకిటలాడుతోంది. ఒక కొత్త జంట పరుపులాయనను మధ్యలో నిలబెట్టుకుని ఫొటో దిగుతున్నారు. ఆయన పేరాను చూసి కళ్లతోనే పలకరించాడు. ఒప్పందం ఆయనకూ తెలుసు, అంతకుమించి ఏమీ అనలేదు. పేరా భార్య జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లింది.

“మీవన్నీ చదువుతానండీ. మీ ఆవిడ ఇప్పటికీ దిండు తిప్పుతుందా?”

పరుపులాయన ఒక్క క్షణం పేరా వైపు చూశాడు. పేరా గోడకున్న దుప్పట్ల ధరలు చదువుతున్నాడు.

“ఆ... తిప్పుతుందమ్మా. రోజూ తిప్పుతుంది,” అన్నాడాయన.

“ఆ నిట్టూర్పు...”

“అదీ ఉందమ్మా. ఏం చేస్తాం!” అని పెద్దగా నవ్వాడు.

పేరా దుప్పట్ల ధరల మీంచి తల తిప్పి చూశాడు. తన పెళ్లాం నిట్టూర్పును పట్టుకుని, తన పెళ్లాం ముందే, తనదన్నట్టు నవ్వుతున్నాడు! పైగా ఆమె కూడా కళ్లు మెరిపిస్తూ నవ్వుతోంది. తనతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో లెక్కేసుకోబోయి, భయమేసి మానుకున్నాడు. పరుపు కొన్నారు. ఆ పరుపు మీద వారం రోజులు అతనికి కునుకు పట్టలేదు.

మరుసటి సోమవారం, ఈ మనిషి పరువు తీయాల్సిందేనని కూర్చున్నాడు. జనం చీదరించుకునేలా రాయాలి. ‘మా ఆవిడకు జ్వరం వచ్చిన రోజు నేను ఒక్క గ్లాసు నీళ్లయినా అందించలేదు. మాత్రలు ఎక్కడున్నాయని పడుకున్న మనిషిని లేపి అడిగాను. ఆవిడే లేచి వెతుక్కుంది. నేను టీవీ చూశాను’ అని రాశాడు. అదీ తన ఇంట్లో జరిగిందే. రాస్తుంటే చెవులు వేడెక్కాయి, అయినా ఆపలేదు. ఇప్పుడు అందరూ ఉమ్మేస్తారు, మంచిపని అవుతుంది అనుకుంటూ వెబ్‌సైట్‌లోకి ఎక్కించాడు.

మధ్యాహ్నానికి కామెంట్లు పోటెత్తాయి. ‘ఎంత నిజాయితీ!’, ‘ఇలా ఒప్పుకోవడానికి గుండె కావాలి’, ‘మా ఆయనకు చదివి వినిపించాను’. మేడమ్ నడక ఆపి పేరా భుజం తట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది.

“ఇది అచ్చం మీరే! మొన్న నాకు జ్వరం వచ్చినప్పుడు మీరూ ఇలాగే చేశారు. మగాళ్లంతా ఒకటేనన్నమాట. కానీ చూడండి, ఆయన ఒప్పుకున్నాడు.”

పేరా చెప్పులు విప్పుతూ వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆ వారమే ఆఫీసుకు ఒక స్త్రీ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. మేడమ్ అప్పటికే బయటికి వెళ్లింది. గదిలో పేరా ఒక్కడే. కూర్చోమంటే కూర్చోలేదు.

“పరుపుల షాపు మాదే. ఆయన భార్యను,” అంది. “నేను దిండు తిప్పను. తిప్పేది ఎవరు?”

పేరా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“జ్వరం వస్తే ఆయన నన్ను మంచం దిగనివ్వడు. మరి ఆ జ్వరం ఎవరికి వచ్చింది? అడిగితే ‘నాకేం తెలుసే, ఆఫీసువాళ్లు రాస్తారు’ అంటాడు. ఆఫీసువాళ్లకు ఎవరూ చెప్పకుండా ఇంత వివరంగా ఎలా తెలుస్తుంది? ఆవిడెవరో చెప్పండి, నేనేమీ గొడవ చేయను. తెలుసుకుని వెళ్లిపోతాను.”

గొంతు స్థిరంగానే ఉంది గానీ చేతిసంచి పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. తనను తినేస్తున్న అసూయే ఆ వేళ్లలోనూ పేరాకు కనబడింది.

“అది మా ఆవిడండీ,” అన్నాడు.

“ఏమిటీ?”

“అన్నీ మా ఇంటి సంగతులే. జ్వరం వచ్చింది మా ఆవిడకే. నీళ్లివ్వనివాణ్ణి నేనే.”

అప్పుడు కూర్చుందావిడ. ఆవిడకు నవ్వూ వచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి.

“షాపుకొచ్చే ఆడవాళ్లంతా నన్ను చూసి కుళ్లుకుంటున్నారు తెలుసా? నాకేమో, ఎవరో తెలియని ఆవిడ మీద కుళ్లు. మీ ఆవిడకు తెలుసా ఇదంతా?”

“తెలీదండీ.”

ఆవిడ అతని వైపు వింతగా చూసి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పరుపులాయన ఫోను చేశాడు. ఈ వారం తానే రాస్తానన్నాడు. మేడమ్ వద్దని చెప్పి చూసింది. “నా షాపు, నా పేరు, ఇంట్లో చీవాట్లూ నాకే. నేనే రాస్తానమ్మా,” అన్నాడాయన. సాయంత్రానికి ఫోన్లో కొట్టిన నాలుగు ముక్కలు వచ్చాయి.

‘మా ఆవిడ దిండు తిప్పదు. ఇదివరకు పెట్టినవి వేరే వాళ్లు రాసారు, వాళ్లింటి సంగతులు. మా ఆవిడ మంచం అంచున పడుకుంటుంది. నేను లావు. పడిపోతావే ఇటు జరుగు అంటాను. నేను జరిగితే నువ్వు పడతావు అంటుంది. పరుపులు అమ్ముకునేవాడిని, ఇంటికి పెద్ద పరుపు ఎందుకు తేలేదో నాకే తెలీదు. నిన్న తెచ్చాను. ఇప్పుడు మద్యలో చోటు మిగిలింది. ఏం చెయ్యాలో తెలీక ఇద్దరం అంచుల్లోనే పడుకున్నాం.’

పేరా మూడుసార్లు చదివాడు. ఇంతవరకు ఆ మనిషి మీద పడ్డ ఏడుపు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అప్పుడు పొగడ్త దొంగిలించాడని ఏడ్చాడు. ఇప్పుడు ఆ చివరి వాక్యం తనకు తట్టలేదని ఏడ్చాడు. ‘పడుకుంటాం, లేస్తాం’ అన్న మనిషి ఇది రాశాడా! ఎక్కడో ఒకచోట వేలుపెట్టి పాడుచేయాలని చేతులు లాగాయి. చివరి వాక్యం చెరిపేశాడు. చెరిపాక మిగిలినదాన్ని చూసి, సిగ్గుపడి, మళ్లీ పెట్టాడు. ‘మద్యలో’ను ‘మధ్యలో’ చేశాడు, ‘రాసారు’ను ‘రాశారు’ చేశాడు. అంతకుమించి ముట్టుకోకుండా ఎక్కించాడు.

ఇంట్లో భార్య అది చదివి ముందు నవ్వింది, తర్వాత ముఖం చిట్లించింది.

“దిండు తిప్పేది ఆయన భార్య కాదట! వేరే ఎవరో రాశారట. మరి తిప్పేది ఎవరు?”

“నువ్వే,” అన్నాడు పేరా.

వేళాకోళమనుకుంది. అతను వరసగా అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆమె ముఖంలో నవ్వు కరిగిపోయింది.

“షాపులో నేను ఆయన్ను అడుగుతుంటే మీరు పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను.”

“వెర్రిదానిలా నా సంగతే నేను అడుగుతుంటే, దుప్పట్లు చూస్తూ నిలబడ్డారు.”

“ఆయన మీద ఒళ్లు మండి నిలబడ్డాను.”

“ఆయన మీద ఎందుకు? రాసింది మీరైతే?”

“నువ్వు పొగిడింది ఆయన్ని కదా!”

ఆమె కళ్లార్పకుండా చూసింది. “నన్ను అంతలా చూస్తారని ఊరందరికీ చెప్పారు. ఇన్నేళ్లలో నాతో ఒక్క ముక్క అన్నారా? అది కూడా ఇంకొకాయన నోటితో వినాల్సొచ్చింది నాకు,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు అవసరమైనంత వరకే మాట్లాడింది. ఉప్పు ఇటివ్వండి, కరెంటాఫీసుకు వెళ్లి రండి, అంతే. ఇంటి సంగతి ఏది రాసినా ముందు తనకు చూపించాలని మాత్రం గట్టిగా చెప్పింది. కానీ రాయడానికి ఏమీ మిగల్లేదు. పరుపులాయన వారం వారం తానే రాసుకుంటున్నాడు. పేరాకు టైల్స్ షాపు అప్పగించారు. పరుపులాయన రాతల్లో తప్పులు దిద్ది ఎక్కించే పని మాత్రం ఇంకా అతనిదే. ప్రతి సోమవారం దిద్దుతూ, ఎక్కడైనా కాస్త పేలవంగా ఉందేమోనని ఆశగా వెతికేవాడు. కొన్ని వారాలు నిజంగానే పేలవంగా ఉండేవి. ఆ రోజుల్లో పేరా చాలా హుషారుగా ఉండేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భార్య ల్యాబ్ నుంచి రుసరుసలాడుతూ వచ్చి సంచి కుర్చీలో పడేసింది.

“దిండు సంగతి రాసింది మా ఆయనేనని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ‘మీ ఆయనా?’ అని నవ్వింది ఒకతె. నాకు ఒళ్లు మండి పెద్ద గొడవ పెట్టుకుని వచ్చాను.”

పేరాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. ఆ ఊపులో నోరు జారాడు. “ఈ వారం పరుపులాయనది చదివావా?”

“చదివాను. బావుంది.”

“ఎంత బావుంది?”

ఆమె మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. “నిజం చెప్పమంటారా? మీ వాటికంటే బావుంది.”

“ఎందులో బావుంది?” అని పేరా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కో వాక్యం తీసి వాదించాడు. ఇక్కడ సాగదీశాడన్నాడు, అక్కడ చెప్పిందే చెప్పాడన్నాడు. చీకటి పడి ఆమె లేచి లైటు వేసేదాకా వాదించాడు. ఆమె ఒక్కటీ ఒప్పుకోలేదు.