కొత్త బండి వెనక సీటు

నల్లగొండ నుంచి తిరుమలగిరి పోయే బస్సులో కూర్చుని, ఫోన్‌లో పాత బండి ఇచ్చి కొత్తది తీసుకోమనే ఎలక్ట్రిక్ బైకు వీడియో చూస్తున్నాను. ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ ఇచ్చేసి, దాన్ని మించి దూసుకుపోయే ఆ బైకు తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్న రోజులవి. పక్క సీట్లోని పెద్దావిడ ఫోన్‌లోకి తొంగిచూసింది.

"పాత బండి అమ్ముతున్నవా బిడ్డా?"

బేరానికి దిగుతోందనిపించి ఫోన్ అటు తిప్పుకున్నాను. "ఇంకా అనుకోలే పెద్దమ్మా."

"దాని మీద ఎవలెవలు పోతరు?"

కూపీ లాగుతోంది. "నేను, మా అమ్మ. ఆదివారం చర్చికి పోతం."

"అమ్మ చీరె కడ్తదా?"

ఈమెకెందుకు ఇవన్నీ? ఒళ్లు మండింది. ఆమె సీట్ల మధ్య దారిలోకి రెండు కాళ్లూ వేసి పక్కకు తిరిగి కూర్చుంది. చేత్తో గాలిలో ఏదో పట్టుకోబోయింది.

"గా కొత్త బండి మీద గిట్ల కూసుంటే దేన్ని పట్టుకుంటది? జర సూస్కో."

తన ఊరు రాగానే దిగిపోయింది. ఇంకో బండ్ల కంపెనీ మనిషేమోనని కూడా అనుమానించాను.

తర్వాత షోరూములో సేల్స్‌మన్ ఆ కొత్త బైకు తాళంచెవి చేతికిచ్చి, "ఒక రౌండు కొట్టి రాండ్రి సార్" అన్నాడు. నేను వెనక సీటెక్కి, రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసి కూర్చున్నాను. నా చెయ్యీ పట్టు కోసం గాలిలోనే వెతికింది.