సొన్నమ్మ చెయ్యి, రైలు కట్టెల మడి

సొన్నమ్మ చేతికి బెంగళూరు పక్కన వర్తూరులో ఒక పేరుండేది. చెరువు కింద ఎవరు మడి కట్టినా తొలి విత్తనం ఆమెతోనే వేయించేవాళ్ళు. ఆ పొలాలన్నీ ఇళ్ళ లేఔట్లయిపోయాక, 2003లో, మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటుకు తోటపనికి వచ్చింది.

అపార్ట్‌మెంటు సెక్రటరీ వెంకటరాయప్ప, రైలు పట్టాల కింద వేసే, చెదలు పట్టకుండా తారునూనె తాగించిన పాత కట్టెలను లారీలో తెప్పించి, మోకాలెత్తున నాలుగు మళ్ళు కట్టించి, ఇంకో లారీ మట్టితో నింపించాడు. ఎండెక్కితే ఆ కట్టెలు నల్లగా చెమర్చేవి. తారు కంపు రెండో అంతస్తు దాకా వచ్చేది.

"ఈ నూనె మట్టిలోకి దిగతాది సామీ. చెదలనే చంపేది వేరును బతకనిస్తాదా?" అంది సొన్నమ్మ.

"నాకే చెప్పొస్తావా? సుమ్మనే, నోరు మూసుకుని విత్తు."

విత్తింది. బీన్సు మొలిచింది. నెల తిరక్కుండా కట్టెకు జానెడు దూరంలోని మొక్కలన్నీ ఆకు ముడిచి మాడిపోయాయి. నడిమి వరస మాత్రం నిలబడింది.

"మొగుణ్ణి మింగినదాని చెయ్యి! ఇంకెట్లా మొలుస్తాది?" అన్నాడు వెంకటరాయప్ప, అందరి ముందూ.

పనిలోంచి తీసేసినా ఊరుకునేదేమో. కానీ అతను ఆమె చేతిని అన్నాడు. సొన్నమ్మ నీళ్ళ పైపు కింద పడేసింది.

"నా చేతికేమయిండాదప్పా? నీ పెండ్లాముతో విత్తించు ఈ మళ్ళో. నేను ఆ మూల పడుండే పెంకులతో మడి కట్టుకుంటా. అదే విత్తనం, అదే లారీ మట్టి. చూస్తాం."

అతని భార్య కాత్యాయని భయపడుతూనే విత్తింది.

సొన్నమ్మ పక్కన కూర్చుని నేను రోజూ ఏదో ఒకటి అడిగేదాన్ని. సిమెంటు ఇటుకలయితే?

"కొత్తవయితే సున్నం వదలతాయి. మెంతాకు పసుపెక్కతాది."

రేకులయితే?

"ఎండకు కాలి వేర్లను ఉడకబెడతాయి. పెంకయితే నీళ్ళు తాగి మెల్లిగా వదలతాది. అన్నిటికీ ఏదో ఒక గుణముండాది, ఆ సామికి తప్ప."

నలభై రోజులకు పెంకుల మడిలో అంచు దాకా పూత. కాత్యాయని వేసినవి అంచు పొడుగునా మాడిపోయాయి.

"ఆ మట్టికి దాని చెయ్యి తగిలింది కదా, అందుకే" అన్నాడు వెంకటరాయప్ప.

"పెంకుల మడికి తగల్లేదా?" అంది కాత్యాయని. అతను లోపలికి పోయాడు.

మరుసటి వారం కట్టెలు పోయి, మళ్ళ చుట్టూ రాతి పలకలు వచ్చాయి. మట్టి మాత్రం పాతదే.

"ఊఁ, విత్తు" అన్నాడు వెంకటరాయప్ప, సొన్నమ్మ మొహం చూడకుండా.

సొన్నమ్మ విత్తనాల పొట్లం అతని అరచేతిలో పెట్టింది. "మంచి చెయ్యి నీదే కదా సామీ. నువ్వే విత్తు."

చీర కొంగు దులుపుకుని గేటు దాటింది. నూనె దిగిన మట్టి కూడా మార్చాలని ఆమెకు తెలుసు. చెప్పలేదు.