ఆమె చేతులు కడుక్కుంటున్నప్పుడు

నా పేరు చెప్పను. చెబితే నువ్వు నా ముఖం వెతుకుతావు, మాట వినవు. నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆర్మూర్ నుంచి స్పెయిన్ దాకా మోసుకొచ్చాను. ఇక్కడ గది మారింది, జీతం పెరిగింది, భాష కూడా కొంత వచ్చింది. అది మాత్రం దిగలేదు.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. నాన్న ట్రాన్స్‌ఫర్‌తో ఆర్మూర్ వచ్చాం. కోపం నా ముక్కు మీదే, ఫోన్ నా చేతిలోనే. పసుపు ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. స్వరూప అక్కడే పరిచయం. పక్కనున్న ఆలూర్ పిల్ల, నా ఈడుదే. వాళ్లమ్మ మా గోదాములోనే పసుపు ఏరే కూలీ. స్వరూప ఇంటర్ దాకా చదివి శాంపిళ్లు చూసేది. కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు ఒక్కసారి చూసి సరుకు ఎలాంటిదో చెప్పేది. ఆమె చెప్పింది నేను టైపు కొట్టేదాన్ని. అంతే నా పని.

స్పెయిన్‌లో మా సరుకు కొనే గోదాముకు మా వైపు మనిషి ఒకరు కావాలన్నారు. పసుపు తెలియాలి, స్పానిష్ రావాలి. మా సారు ఇద్దరి పేర్లూ పంపాడు. స్పానిష్ మాట్లాడే పెరూ దేశంలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన సిస్టర్ ఒకావిడ చర్చి బడిలో ఉండేది. రోజూ సాయంత్రం ఆమె దగ్గర నేర్చుకున్నాం.

నేను ఇంగ్లిష్ మీడియం. నాకు రానిది స్వరూపకు ఎలా వస్తుంది? వచ్చింది. కొమ్ము విరిచినప్పుడల్లా ఒక స్పానిష్ మాట పైకి చెప్పుకునేది. ఆమె చదువుతుంటే సిస్టర్ కళ్లు మూసుకుని వినేది, నేను చదువుతుంటే గడియారం చూసేది. ఒకరోజు ఒళ్లు మండి నా నోట్‌బుక్ చింపేశాను. స్వరూప ఆ ముక్కలన్నీ ఏరి, అన్నం మెతుకులతో అతికించి తెచ్చిచ్చింది. దాంతో ఇంకా మండింది. మంచితనం కూడా ఆమెకే రావాలా?

స్పెయిన్ గోదాము మేడం ఫోన్‌లో మాతో మాట్లాడి ఒకరిని ఎంచుకుంటానంది. స్వరూపకు ఫోన్ లేదు. ఇద్దరికీ నా నంబరే ఇచ్చాం. మూడింటికి చేస్తారన్నారు.

గోదాములో ఒక అలవాటు ఉంది. పసుపు అంటిన చేత్తో ఎవరూ ఇంకొకరి వస్తువు ముట్టరు. మంచినీళ్లయినా పక్కవాళ్లు నోట్లో పోయాల్సిందే. మూడు కావస్తుంటే స్వరూప తన చేతులు చూసుకుంది.

"నీ ఫోన్ పచ్చగైతది పిల్లా. జర కడుక్కొస్త. గీలోపల మోగితే నన్ను పిలిచి, నువ్వే నా చెవికాడ పెట్టు."

నల్లా పది అడుగుల దూరం. ఆమె వీపు నాకు కనిపిస్తూనే ఉంది. ఫోన్ మోగింది. నీళ్ల చప్పుడులో ఆమెకు వినపడలేదు. మేడం ముందుగా అడిగింది స్వరూపనే. నేను పిలవలేదు. బస్తాల వెనక్కి నడిచి, స్వరూప భయపడుతోంది, మాట్లాడనంటోంది, అని చెప్పాను. స్పానిష్‌లో నేను తడబడకుండా చెప్పిన మొదటి వాక్యం అదే. మేడం అయ్యో అంది. తర్వాత నాతో మాట్లాడింది.

స్వరూప చున్నీకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఒచ్చిందా?"

"ఒచ్చింది. నాతోనే మాట్లాడింది. నీ పేరు అడగలే."

"అసలే అడగలేదా?"

"లేదన్న గదా! ఎన్నిసార్లు అడుగుతవ్?"

ఆమె తడి చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వింది. "గింత రుద్దుడు దండుగాయె. సబ్బు సగం అరిగింది. పోనీ, నువ్వు పో. ఆడికి పోయినంక నాకు రోజుకొక్క మాట పంపు."

కోపంలో అలా అన్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, కానీ కోపం నాకు తెలుసు, అది నిమిషంలో వచ్చి నిమిషంలో పోతుంది, వస్తువులు విసురుతుంది, ఇలా బస్తాల వెనక్కి నడిచి గొంతు తగ్గించదు. కూలీ బిడ్డ సారు ముందుకెళ్లి నన్నెందుకు అడగలేదని నిలదీయదు. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఇక్కడ మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, రాత్రి పదింటికి అన్నం తింటారు, పరిచయం లేనివాళ్లు కూడా రెండు చెంపలకూ ముద్దులు పెడతారు. అన్నీ అలవాటయ్యాయి. రొట్టెల దుకాణంలో వరుస ఉండదు. లోపలికి వెళ్లగానే చివర ఎవరని అడగాలి, ఆ మనిషి తర్వాత మన వంతు. మొదట్లో ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరు పెగిలేది కాదు. ఇంకొకరి వంతు లాక్కుని వచ్చినదాన్ని. కొత్త మాట నేర్చుకున్న ప్రతిసారీ, ఇది స్వరూపకు ఒక్క పూటలో వచ్చేది అనిపిస్తుంది. రానే రాని మనిషి మీద ఇంకా అసూయ ఏమిటి? నాకూ తెలియదు.

రోజుకొక్క మాట పంపలేదు. బిజీ అన్నాను. ఆమె సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనుక్కుని తనే స్పానిష్‌లో మెసేజ్‌లు పెట్టేది. ఒకసారి బల్ల మీదున్న నా ఫోన్‌లో ఒకటి మేడం కంటపడింది. "ఎవరిది? ఎంత చక్కగా రాసింది!" అంది. స్నేహితురాలు అని, ఫోన్ బోర్లించాను.

పోయిన వారం ఇక్కడి గోదాముకు ఇంకో మనిషి కావాలన్నారు. ఆ సంగతి ఆర్మూర్ ఆఫీసుకూ చేరింది. స్వరూప ఈసారి తెలుగులో రాసింది. "సారు నా పేరు పంపుత అంటుండు. నేనే వద్దన్న. పోయినసారి పేరు కూడా అడగలేదు గదా, మల్ల ఎందుకు నవ్వులపాలు?"

రెండు రోజులు ఆ మెసేజ్‌నే చూస్తూ కూర్చున్నాను. వద్దంటే మంచిదే కదా అని కూడా అనుకున్నాను, అదీ నీకు చెప్పాలి. ఆమె వస్తే మేడం పక్కన ఆమే కూర్చుంటుంది. నేను మళ్లీ టైపు కొట్టేదాన్నవుతాను.

నిన్న మధ్యాహ్నం రాసి పంపాను. ఆ రోజు ముందు నిన్నే అడిగారు, నువ్వు మాట్లాడనంటున్నావని నేనే చెప్పాను, పేరు పంపించు. అంతే. క్షమించమని రాయలేదు. ఇవాళ మేడంకు కూడా చెప్పాను. ఆమె విని, తిరిగి పనిలోకి వెళ్లిపోయింది.

స్వరూప జవాబివ్వలేదు. పేరు పంపిందో లేదో తెలియదు. నన్ను ఇక్కడ ఉంచుతారో లేదో అదీ తెలియదు. ఆమె వస్తే అసూయ పడనని ప్రమాణం చేయలేను. కానీ ఆమెకు తెలుసు, మేడంకు తెలుసు, ఇప్పుడు నీకూ తెలుసు. ఇక ఈ మాట నా ఒక్కదాని దగ్గరే లేదు.