ఉప్పు ఎవరు వేయాలి

తద్దినం వంట రుచి చూడకూడదు. భోక్తలుగా కూర్చున్న బ్రాహ్మణులు తినేదాకా అందులో చుక్క కూడా ఎవరి నాలుక మీదా పడకూడదు. మామూలు వంటలో తప్పు పొయ్యి మీదే దిద్దుకోవచ్చు. ఈ వంటలో తప్పు విస్తట్లోకి వెళ్ళాకే తెలుస్తుంది. అందుకని మా వంటింట్లో మొదటినుంచీ ఒకటే నియమం: ఉప్పు నేనే వేస్తాను.

స్టీలు ప్లాంటు ఆఫీసులో రిటైరయ్యాక, స్మృతి నగర్‌లో మా ఇంట్లోనే ఈ పని మొదలుపెట్టాను. భిలాయిలో స్థిరపడిన మనవాళ్ళకు తద్దినం నాడు మడిగా వండేవాళ్ళు దొరకరు. ఎవరింట్లో ఏ తిథో, ఎన్ని విస్తళ్ళకు ఎంత పప్పో నాకు నోటికి వచ్చు. వాళ్ళు మరిచిపోయినా నేనే ఫోను చేసి, "వచ్చే మంగళవారం మీ మామగారిది" అని గుర్తుచేస్తాను. నా దగ్గర ఇద్దరు పనిచేస్తున్నారు. ఒకామె విజయనగరం నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చిన మనిషి. యాభై దాటింది, మొదటిరోజు నుంచీ ఉంది. రెండో పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే సగం హిందీ.

ఈ వర్షాకాలంలో నా మోకాలు పూర్తిగా మొరాయించింది. మార్పించుకోమని డాక్టరు ముందే చెప్పాడు, నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఈసారి ఆయన, "ఇంకా ఆలస్యమైతే మంచం దిగలేరు" అన్నాడు. ఆపరేషనైతే రెండు నెలలు పొయ్యి దగ్గర నిలబడకూడదు. ఎదురుగా మహాలయ పక్షం. ఆ పక్షమంతా రోజూ వంటలే. వంటిల్లు మూసేయాలి, లేదా ఉప్పు ఇంకొకరికి అప్పగించాలి. మూస్తే ఆ ఇద్దరికీ పని ఉండదు. మళ్ళీ తెరిచే ఓపిక నాకు ఉండదు.

పెద్దామెను అడిగాను.

"నా వల్ల కాదు అక్కగారూ" అంది, కంద తరగడం ఆపకుండానే. "ఎంతో మీరు చెప్పీండి, అంతా వేసీగలను."

"ఇన్నేళ్ళు చూస్తున్నావు కదా!"

"చూసేను. వెయ్యమన్లేదు కదా మీరు."

చిన్నది కిసుక్కున నవ్వింది. "పిన్నీ, ఉప్పు కా లాకర్ ఆంటీజీ దగ్గరే. తాళంచెవి భీ."

కోప్పడే ఓపిక కూడా లేకపోయింది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి మమ్మల్ని ట్రైనింగుకు కూర్చోబెట్టారు. పని చేయించడం వేరు, మనుషుల్ని నడిపించడం వేరు అని ఒకాయన పొద్దంతా చెప్పాడు. నేను వేసిన డ్యూటీ చార్టులో ఏ షిఫ్టూ ఖాళీ ఉండేది కాదు. వాళ్ళే నడిచి వస్తుంటే ఇంక నడిపించేదేమిటి అనుకున్నాను. ఇప్పటికీ నా పద్ధతిలో తప్పుందని అనుకోను. కానీ నేను లేవలేని రోజున అది ఎందుకూ పనికిరాలేదు.

ఆ వారమే వైశాలి నగర్‌లో ఒకరి తద్దినం. నేను వంటింట్లోకి వెళ్ళకుండా ముందుగదిలో కూర్చున్నాను. కాసేపటికి పెద్దామె గుమ్మం దగ్గరకు వచ్చింది.

"పప్పులో ఎంతండీ?"

"నీకు తోచినంత."

"తోచినంతంటే ఏటి? నాకేటీ తోచట్లేదు."

"తోచేదాకా నిలబడు."

"బావుంది! ఈలోగా పప్పు మాడిపోతాది."

విసురుగా వెళ్ళింది. కూరకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే జవాబు చెప్పాను. ఆ తరువాత రాలేదు. క్యారియర్లు ఆటోలో వెళ్ళిపోయాయి.

భోజనాలవేళ దాటాక ఆ ఇంటి యజమాని ఫోను చేశారు. ఎప్పుడూ గొంతు పెంచని పెద్దమనిషి.

"అమ్మా, ఏమీ అనుకోకండి. పప్పులో ఉప్పెక్కువై భోక్తలు నోట పెట్టలేకపోయారు. మా నాన్నగారికి ఏడాదికి ఒక్కపూట..." అన్నారు.

ఫోను చేత్తో మూసి, "పప్పులో ఉప్పు ఎవరు వేశారు?" అని వంటింటివైపు కేకేశాను.

"నేను వేసీసేను" అంది పెద్దామె.

చిన్నది తోముతున్న గిన్నె వదిలేసింది. "పిన్ని కూరకి అడగడానికి మీ దగ్గరికి వెళ్ళింది కదా... పప్పులో మర్చిపోయిందనుకుని మైనే భీ డాల్ దియా."

ఇద్దరూ వేశారు. రుచి చూడకూడదు కనక ఇద్దరికీ తెలియలేదు. ఆఫీసులోనైతే ఇక్కడినుంచి నాకు దారి బాగా తెలుసు: ఎవరు ముందు, ఎవరు తరువాత, ఎవరు ఎవరినడిగి. ఫోను మీద చెయ్యి తీశాను.

"ఉప్పు నాదేనండీ" అన్నాను. "సాయంత్రం వచ్చి మీ అమ్మగారికి చెప్పుకుంటాను."

సాయంత్రం ఆటో ఎక్కుతుంటే, పిలవకుండానే పెద్దామె వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళింట్లో మెట్ల మీద నన్ను దాదాపు ఎత్తి నడిపించింది. ఆ తల్లిగారు నా మాట పూర్తిగా విని, "ఆయన ఉన్నప్పుడూ పప్పులో ఉప్పెక్కువైందనే అరిచేవారమ్మా. ఇవాళా అదే భోజనం" అంది. ఆమె నవ్వింది గాని, కొడుకు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ ఇంటి వంట ఇక మాకు రాకపోవచ్చు.

తిరుగుదారిలో పెద్దామె నా వైపు తిరిగింది.

"మీ మీదెందుకు వేసుకున్నారు?"

"వంటిల్లు నాది కనక."

"ఉప్పు నాది కదా. రేపట్నించి నేనే వేస్తాను. అది చెయ్యి పెట్టిందంటే విరిచీగలను."

"విరవకు. దానికీ ఒక కూర అప్పగించు. పచ్చడి నువ్వు..."

"అదిగో. మళ్ళీ మీరే చెప్పీస్తున్నారు."

మర్నాడు వంటింట్లోంచి ఎవరూ నన్ను అడగడానికి రాలేదు. "పప్పులో వేసీసేను, వినబడిందా?" అని ఆమె గట్టిగా అనడం, "సునా, సునా" అని చిన్నది అరవడం వినిపించాయి. ఎంత వేసిందో తెలుసుకోవాలని ప్రాణం పీకింది. లేవబోయి కుర్చీ చేతులు పట్టుకున్నాను. మోకాలు ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నానని చెప్పను. కూర్చున్నచోటినుంచే ఆసుపత్రికి ఫోను చేసి, ఆపరేషనుకు తారీఖు ఇమ్మని అడిగాను.